నాలుగున్నర గంటలు వరుసలో నిలబడి, సభ చూడకుండానే వెనక్కి వచ్చాం

హొరమావు_సుజాత
పోయిన ఆదివారం మా నాన్నగారిని బెంగళూరులో జరిగిన ఒక బహిరంగ సభకు తీసుకువెళ్ళాను. ఆయనకు 74 ఏళ్ళు. మదనపల్లె దగ్గర ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. ఆ నాయకుడి ప్రసంగాలను మొదట రేడియోలోనూ తరువాత టీవీలోనూ ఇరవై ఏళ్ళుగా వింటున్నారు, ఒక్కసారైనా ఎదురుగా నిలబడి వినాలన్నది ఆయన కోరిక. ఏ పార్టీ, ఏ నాయకుడు అన్నది ఇక్కడ అప్రస్తుతం కనుక దయచేసి అడగవద్దు.

కరపత్రంలో సభ మధ్యాహ్నం మూడు గంటలకు అని వేశారు. మేము పన్నెండు ముప్పావుకే మైదానం ప్రహరీ గోడ వెంట వరుసలో చేరాం. మూడయింది, నాలుగయింది, వరుస నాలుగడుగులు కదలడం, మళ్ళీ ఆగిపోవడం. మెటల్ డిటెక్టర్ దగ్గర నీళ్ళ సీసాలు తీసేసుకుంటున్నారని ముందున్నవాళ్ళు చెప్పారు. అక్కడ గోడ పక్కన సీసాలు, గొడుగులు, లైటర్లు, నల్లటి చేతిరుమాళ్ళు నడుమెత్తు కుప్పగా పడి ఉన్నాయి. ఐదుంబావుకు, మాకు గేటు నలభై అడుగుల దూరంలో ఉండగా, లోపల నిండిపోయిందని చెప్పి గేటు మూసేశారు. ఆ మాట కూడా మైకులో చెప్పలేదు, ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి రావడం చూసి తెలుసుకున్నాం.

ప్రసంగం గోడ అవతల జరిగింది. జనరేటర్ హోరులో మాటలు సగం సగం వినిపించాయి. నాన్నగారు గోడకు అరచెయ్యి ఆనించి, తల వంచుకుని, పదిహేను నిమిషాలు అలాగే విన్నారు. ఆయనకు మధుమేహం ఉంది, ఆ నాలుగున్నర గంటల్లో నా సంచిలో ఉన్న రెండు పల్లీ చిక్కీలు తప్ప మరేమీ తినలేదు. ఇంటికి వచ్చేసరికి కాళ్ళు వాచిపోయాయి.

నా ప్రశ్న ఒకటే. వచ్చినవాళ్ళకు సభ చూపించే బాధ్యత పిలిచినవాళ్ళకు ఉందా, లేదా? ఉంటే ఎవరిని అడగాలి?

కె_ఆర్_పురం_హరి
మీ నాన్నగారి ఆరోగ్యం ఇప్పుడు ఎలా ఉందో ముందు చెప్పండి. ఇక నా అభిప్రాయం అంటారా, ఈ రోజుల్లో ప్రతి ప్రసంగమూ ఫోన్‌లో ప్రత్యక్షంగా వస్తోంది, ముఖం కూడా మైదానంలో కంటే అందులోనే బాగా కనిపిస్తుంది. అంత వయసులో ఉన్నవారిని ఎండలో నిలబెట్టడం అవసరమా అని నాకు అనిపించింది. కోప్పడవద్దు.

హొరమావు_సుజాత
హరి గారూ, వాపు తగ్గింది, షుగర్ కూడా అదుపులోకి వచ్చింది. కోపం లేదు. కానీ ఆయనే వెళ్దామని అడిగారు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి అడిగారు.

బసవనగుడి_రావు
హరి గారితో నేను ఏకీభవించను. 1982లో నాకు పదిహేనేళ్ళు, మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. ఆ ఏడాది మార్చి 29న తెలుగుదేశం పార్టీ పుట్టింది, ఆ తరువాత ఎన్టీఆర్ చైతన్య రథం మీద రాష్ట్రమంతా తిరిగారు. అది షెవ్రొలే వ్యాను, తోలేది కొడుకు హరికృష్ణ. మా రోడ్డు మీదుగా వస్తారని తెలిసి నాలుగైదు ఊళ్ళ జనం సాయంత్రమే రోడ్డు పక్కకు చేరారు. ఆడవాళ్ళు హారతి పళ్ళేలు పట్టుకుని వచ్చారు. మా అమ్మ చింతపండు పులిహోర పొట్లాలు కట్టుకుని వచ్చి, పక్క ఊరి పిల్లలకు కూడా పెట్టింది. ఆ రాత్రి దూరంగా దీపాలు కనిపించిన క్షణాన జనం ఒక్క గుండెలా లేచి నిలబడటం నాకు నిన్నటిలా గుర్తుంది. ఆయన మాట్లాడింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలను మా ఊరు పదేళ్ళు చెప్పుకుంది.

సభకు వెళ్ళడమంటే ప్రసంగం వినడం ఒక్కటే కాదు. నాలాగే అనుకునేవాళ్ళు ఇంతమంది ఉన్నారా అని కళ్ళారా చూసుకోవడం కూడా. అది ఫోన్‌లో దొరకదు. అమ్మా సుజాతా, మీ నాన్నగారు కోరుకున్నది న్యాయమైన కోరికే.

కోలారు_లలిత
రావు గారు చెప్పిన పల్లె రోడ్డుకూ నగరంలో బారికేడ్ల మధ్య వరుసకూ తేడా ఉంది. అక్కడ అలసిపోతే అరుగు మీద కూర్చోవచ్చు, చెట్టు చాటుకు వెళ్ళవచ్చు, ఇల్లు అరమైలు దూరం. ఇక్కడ వరుస వదిలితే చోటు పోతుంది. ఆడవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. నేను రెండేళ్ళ కిందట ఇలాంటి వరుసలోనే ఐదు గంటలు నిలబడ్డాను. మరుగుదొడ్డి లేదని తెలిసి పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు. నా ముందు నిలబడిన ముగ్గురు స్త్రీలు కూడా అదే మాట చెప్పారు. నలుగురిలో ఒకరు కళ్ళు తిరిగి పడిపోయారు.

కార్యకర్త_2009
నేను 2009 ఎన్నికల నుంచి ఒక పార్టీలో వార్డు స్థాయిలో పనిచేస్తున్నాను. సుజాత గారి సభ మా పార్టీదా కాదా అన్నది నాకు తెలియదు, తెలుసుకోదలచుకోలేదు. లోపలి సంగతులు చెబితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

సభ సమయం కరపత్రంలో మూడు అని వేస్తే, నాయకుడు ఐదున్నరకు వస్తారని మాకు ముందే తెలుసు. మూడు అని వేయకపోతే ఐదుకు మైదానం నిండదు. అద్దె బస్సులు ఊళ్ళ నుంచి బయలుదేరేదే పదకొండుకు, భోజనం పొట్లాలు పంచి, ట్రాఫిక్ దాటి వచ్చేసరికి మూడవుతుంది. నాయకుడు అడుగుపెట్టేటప్పుడు ఖాళీ కుర్చీలు కెమెరాలో పడకూడదన్నది మాకు పైనుంచి వచ్చే మొదటి ఆదేశం. ఆయనకు అదే రోజు మరో రెండు సభలు ఉంటాయి, దారిలో ప్రతి కూడలిలో స్థానిక నాయకులు దండలతో నిలబడి ఉంటారు, ఒక్కో దండకు ఐదు నిమిషాలు పోతుంది. బస్సుల్లో వచ్చినవాళ్ళను ముందు లోపలికి పంపిస్తాం. సొంతంగా, ప్రేమతో వచ్చినవాళ్ళు వరుసలో మిగిలిపోతారు. ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది, కానీ జరిగేది ఇదే.

జయనగర్_మాధవి
కార్యకర్త గారూ, నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. కానీ మీరు రాసిన రెండో పేరా చదివి నాకు కన్నీళ్ళు వచ్చాయి. పిలిచినవాళ్ళకు ఐదున్నర అని తెలిసి, వచ్చేవాళ్ళకు మూడు అని చెప్పడం అంటే ఆ రెండున్నర గంటలు తెలిసి తెలిసి వాళ్ళ కాళ్ళ మీద మోపడమే కదా.

టీనగర్_వాసి
చెన్నై నుంచి రాస్తున్నాను. ఆలస్యానికి మా దగ్గర పాత కథ ఒకటి ఉంది. డీఎంకే నాయకుడు అణ్ణాదురై ఒకసారి సభకు రాత్రి పదిన్నరకు చేరారట. ఎదురుచూసి జనం తూగుతున్నారు. ఆయన మైకు ముందుకు వచ్చి, నెల చిత్తిరై, సమయం పత్తరై, మీకో నిత్తిరై, ఉదయసూర్యుడికి వేయండి ముత్తిరై అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చిత్తిరై తమిళ నెల పేరు, పత్తరై అంటే పదిన్నర, నిత్తిరై అంటే నిద్ర, ముత్తిరై అంటే ముద్ర, ఉదయసూర్యుడు ఆయన పార్టీ గుర్తు. నాలుగు మాటల్లో ఆలస్యాన్ని ఒప్పుకుని, జనం అలసటను గుర్తించి, ఓటు కూడా అడిగారు. ఇప్పుడు ఆ సమయానికి మైకు పెట్టడానికే వీల్లేదు. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు నిషేధం. కనుక నాయకుడు ఆలస్యమైతే తగ్గిపోయేది ప్రసంగమే, ఎదురుచూపు మాత్రం కాదు.

రావు గారు ఎన్టీఆర్ పేరు ఎత్తారు కనుక మరొక మాట. తిరుపతికి వెళ్ళిన తెలుగువాళ్ళు అటు నుంచి బస్సుల్లో మద్రాసు వచ్చి, మా పేటలో బజుల్లా రోడ్డులోని ఆయన ఇంటి ముందు బారులు తీరేవారు. అప్పటికి ఆయన రాజకీయాల్లోకి రాలేదు. మా నాన్నగారు చెప్పేవారు, పొద్దున్నే ఆయన బయటికి వచ్చి నమస్కారం పెడితే చాలు, దర్శనమైందని బస్సెక్కి వెళ్ళిపోయేవారట.

ఎలక్ట్రానిక్‌సిటీ_నరేష్
దర్శనం అనే మాట రాగానే నాకు తట్టింది. తిరుమలలో ఇరవై గంటలు కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నా ఎవరూ ఇంత బాధపడరు, ఎందుకని? సర్వదర్శనానికి ఈ రోజు ఎన్ని గంటలు పడుతుందో, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో ముందే చెబుతారు. ఇరవై గంటలు అని తెలిసిన తరువాత ఉండాలా, వెళ్ళిపోవాలా అన్నది మన నిర్ణయం. లోపల కూర్చోవడానికి చోటు ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి, పాలు, అన్నప్రసాదం ఇస్తారు. సుజాత గారి నాన్నగారికి నాలుగున్నర గంటల కంటే, ఇంకెంతసేపో తెలియకపోవడమే ఎక్కువ భారమై ఉంటుందని నా నమ్మకం.

కోలారు_లలిత
నరేష్ గారూ, తిరుమల పోలిక పూర్తిగా సరిపోదు. 2025 జనవరి 8న అదే తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్నవారిలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. అంత అనుభవం ఉన్నచోట కూడా గేటు తెరిచే క్షణంలో జాగ్రత్త తప్పితే అంత పని జరిగింది.

ఎలక్ట్రానిక్‌సిటీ_నరేష్
ఒప్పుకుంటున్నాను. కొండ మీద వరుస నడిచే పద్ధతికీ, ఆ రోజు కింద టోకెన్ల దగ్గర జరిగినదానికీ ఉన్న తేడానే నేను చెప్పదలచుకున్నది. వేచి ఉన్నవాళ్ళకు ఏం జరుగుతోందో తెలియనప్పుడు, గేటు చప్పుడైతే చాలు, ఇదే ఆఖరి అవకాశమేమో అనిపిస్తుంది.

డాక్టర్_హిందూపురం
నేను అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను కనుక వైద్యపరంగా కొన్ని సంగతులు రాస్తాను. కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది, మెదడుకు తగ్గుతుంది, దానితోనే చాలామంది కళ్ళు తిరిగి పడతారు. నిలబడినచోటే మడమలు ఎత్తి దించుతూ ఉంటే పిక్క కండరాలు రక్తాన్ని పైకి నెడతాయి. నాన్నగారి కాళ్ళ వాపు కూడా ఇందువల్లే. మధుమేహం ఉన్నవారు మాత్రలు వేసుకుని భోజనం దాటవేయడం ఎండ కంటే ప్రమాదం. చెమట, వణుకు, తికమక మొదలైతే వెంటనే చక్కెర ఏదైనా నోట్లో వేయాలి. లలిత గారు చెప్పినట్టు మరుగుదొడ్డికి భయపడి నీళ్ళు మానేసిన స్త్రీలను మరునాడు మూత్రనాళ ఇన్ఫెక్షన్లతో మేము చూస్తూనే ఉంటాం.

రెండో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. తొక్కిసలాటలో చాలామంది కాళ్ళ కింద నలిగి చనిపోరు, నిలబడినవాళ్ళు నిలబడినట్టే ఊపిరాడక చనిపోతారు. ఒక చదరపు మీటరులో నలుగురు ఉన్నంతవరకు మన అడుగు మన చేతిలో ఉంటుంది. ఆరేడుగురికి చేరితే జనం నీటిలా కదులుతారు, ఎక్కడో వెనుక తోసిన తోపు ముందున్నవారి ఛాతీ మీదికి వస్తుంది. ఛాతీ ఉబ్బడానికి చోటు లేకపోతే ఊపిరి లోపలికి పోదు. మీ రెండు భుజాలకూ పక్కవాళ్ళ భుజాలు ఒకేసారి తగులుతూ, మీ ప్రమేయం లేకుండా శరీరం ఊగడం మొదలైతే, సభ సంగతి మరిచిపోయి బయటపడండి. చేతులు రెండూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకోండి. జనానికి ఎదురు నడవవద్దు, తోపు వచ్చి తగ్గిన ప్రతిసారీ ఏటవాలుగా అంచు వైపు జరగండి. జారిన చెప్పు కోసం వంగవద్దు. పిల్లలను భుజానికి ఎత్తుకోండి.

టీనగర్_వాసి
డాక్టర్ గారు రాసింది చదువుతుంటే మా తమిళనాడులోని కరూరు ప్రచార సభ కళ్ళ ముందు మెదిలింది. 2025 సెప్టెంబర్ 27. పొద్దున్నుంచి వేచి ఉన్న జనం, రాత్రివేళకు గానీ చేరని ప్రచార వాహనం, అది వచ్చాక దాని చుట్టూ కమ్ముకున్నవాళ్ళు. 41 మంది పోయారు, వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారు. ఎక్కడ తప్పు జరిగిందో తేల్చే పనిని ఆ తరువాత నెలలో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది కనుక నేను ఎవరినీ నిందించను. కానీ పొద్దున్నుంచి నీడ లేకుండా, తిండి లేకుండా నిలబడిన శరీరానికి సాయంత్రపు తోపును తట్టుకునే శక్తి ఎక్కడ మిగులుతుంది?

కె_ఆర్_పురం_హరి
నేను మొదట ఇంట్లో చూడమన్నది ఈ భయంతోనే. 2022 డిసెంబర్ 28న నెల్లూరు జిల్లా కందుకూరు రోడ్డు షోలో ఎనిమిది మంది చనిపోయారు, నాలుగు రోజులు తిరగకుండానే 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ సభలో ముగ్గురు. చనిపోయిన ఎనిమిది మందిలో ఒకరు మా పెదనాన్నగారి ఊరివారు. ఆ తరువాత రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది, దానిని హైకోర్టు అదే ఏడాది మే నెలలో కొట్టివేసింది.

బసవనగుడి_రావు
హరి గారూ, మీ భయం ఇప్పుడు అర్థమైంది, ముందు తొందరపడి కాదన్నందుకు మన్నించండి. అయినా ఆ ఉత్తర్వును కొట్టివేయడం సరైనదే అని నా అభిప్రాయం. మనిషి చనిపోయాడని సభనే ఆపేస్తే, మాట్లాడే చోటు అధికారంలో ఉన్నవాడి చేతిలోకి వెళుతుంది. నేను రోజూ ఫ్రీడం పార్కు మీదుగా వెళతాను. అది ఒకప్పటి సెంట్రల్ జైలు, ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీ వంటివారిని బంధించిన చోటు. సభలు జరగాలి, మనుషులు ఇంటికి చేరాలి. రెండూ సాధ్యమే.

జయనగర్_మాధవి
సాధ్యమే, ఎలా చేయాలో కూడా రాసిపెట్టి ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే జనసమూహాల నిర్వహణ మీద ఒక మార్గదర్శిని ప్రచురించింది. వరుసలను పాములా మెలికలు తిప్పి చిన్న చిన్న భాగాలుగా విడదీయడం, లోనికీ బయటికీ వేరు దారులు, అంబులెన్సుకు ఖాళీగా ఉంచిన మార్గం, జనంతో మైకులో ఎడతెగకుండా మాట్లాడటం వంటివి కొత్తగా కనిపెట్టాల్సిన పనులు కావు. 2025 జూన్ 4న మన చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయిన తరువాత కూడా ఎవరికీ తెలియదని అనలేం. అది రాజకీయ సభ కాదు, క్రికెట్ గెలుపు వేడుక, కానీ మూసిన గేటు బయట నిలబడిన మనిషికి ఆ తేడా తెలియదు.

టీనగర్_వాసి
తనిఖీల గురించి ఒక్క మాట. సుజాత గారు సీసాల కుప్ప గురించి రాశారు. 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ వచ్చేసరికి పది దాటింది, ఆయనను చంపిన మహిళ దండ పట్టుకుని, స్వాగతం చెప్పేవాళ్ళ మధ్యనే వేచి ఉంది. మా ఇంటికి అది నలభై కిలోమీటర్లు. కనుక తనిఖీ వద్దని నేను అనను. సీసా తీసుకుంటే తీసుకోండి, అవతల వైపు తాగడానికి నీళ్ళు పెట్టండి.

కార్యకర్త_2009
నిన్న రాత్రి ఈ సమాధానాలన్నీ మా వార్డు సమావేశంలో చదివి వినిపించాను. ఇరవై ముగ్గురు ఉన్నారు. మొదట కొందరు చిన్నబుచ్చుకున్నారు. తరువాత మా సీనియర్ ఒకాయన, కరపత్రంలో రెండు సమయాలు వేద్దాం, గేట్లు తెరిచేది ఇప్పుడు, నాయకుడు మాట్లాడేది ఇప్పుడు అని విడివిడిగా వేద్దాం అన్నారు. బస్సులవాళ్ళకు మొదటిది చూపిస్తే చాలు. ఇది మా చేతిలో ఉన్న పని, పై అనుమతి అక్కర్లేదు. వరుస చివర ఒక కార్యకర్తను చేతి మైకుతో నిలబెట్టి, అరగంటకొకసారి కాన్వాయ్ ఎక్కడిదాకా వచ్చిందో, లోపల ఎంత నిండిందో ఉన్నది ఉన్నట్టు చెప్పించాలని రాసుకున్నాం. నిండిపోతే బయట ఒక తెర, రెండు స్పీకర్లు పెట్టడానికి ఖర్చు ఎంతో అడిగాం. అరవై దాటినవారికి వేరే వరుస సంగతి మాత్రం పోలీసువారితో మాట్లాడాలి. మా తదుపరి సభలో ఇవి జరిగితే ఇక్కడే రాస్తాను, జరగకపోయినా రాస్తాను.

హొరమావు_సుజాత
ఈ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. అణ్ణాదురై మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. కార్యకర్త గారి కొత్త కరపత్రం సంగతి విన్నాక, ఆ రోజు ఐదున్నర అని ముందే చెప్పి ఉంటే మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాల్చి నాలుగింటికి వచ్చేవాడిని కదా అన్నారు. మళ్ళీ సభ ఎప్పుడని కూడా అడిగారు. మడత స్టూలు ఒకటి కొందామనుకుంటున్నాను. లోనికి రానిస్తారా?

కార్యకర్త_2009
మడత స్టూలు తనిఖీ దగ్గర ఆపేస్తారమ్మా, కర్ర గొడుగును కూడా ఆపుతారు. చేతికర్రను మాత్రం పెద్దవారి దగ్గర ఆపగా నేను చూడలేదు. స్టూలు వరుసలో ఉన్నంతసేపు వాడుకుని, గేటు దగ్గర మా కార్యకర్తకు ఇచ్చి, పేరు రాసిన చీటీ తీసుకోండి.

డాక్టర్_హిందూపురం
చిక్కీలు రెండు కాదు, నాలుగు పెట్టుకోండి. పక్కన నిలబడినవారికి కూడా అవసరం పడవచ్చు.